డైవ్‌లో వెయిట్ పౌచ్ జారిపోకుండా చూసుకోవడం ఎలా?

వెయిట్ బెల్టుతో, అంటే మునగడానికి సీసం దిమ్మలు గుచ్చి నడుముకు కట్టుకునే బెల్టుతో, డైవింగ్ నేర్చుకుని, తర్వాత వెయిట్ ఇంటిగ్రేటెడ్ బీసీడీకి (గాలి నింపి, వదిలి తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్టు, బరువులకు జేబులున్న రకం) మారినవాళ్లకు మొదట సుఖం తెలిసేది నడుముకే. సీసం అంతా పౌచ్‌లనే సంచీల్లో జాకెట్టు జేబుల్లోకి పోతుంది, తుంటి మీద బెల్టు ఒరుసుకోదు. అయితే బెల్టు వదులైతే నడుముకు వెంటనే తెలుస్తుంది గానీ, జేబులోంచి పౌచ్ సగం బయటికి వచ్చినా ఒంటికి తెలియదు. ఉబ్బిన బీసీడీ కింద అది కంటికి కూడా ఆనదు. తెలిసేసరికి మీరు పైకి తేలిపోతుంటారు.

ఇంకో సంగతి. ఈ పౌచ్‌లను తయారు చేసిందే ఒక్క లాగుతో ఊడి రావడానికి. నీటి పైన ఇబ్బందిలో పడ్డ డైవర్ బరువులు వదిలేస్తే తేలి ఉండగలడు. చనిపోయిన డైవర్ల ఒంటి మీద బరువులు అలాగే ఉండటం ప్రమాదాల నివేదికల్లో పదేపదే కనిపిస్తుంది. కాబట్టి జారిపోతుందేమో అన్న టెన్షన్‌తో పౌచ్‌ను తాడుతో కట్టేయడం, జిప్ టై బిగించడం, టేపు చుట్టడం లాంటివి చేయకండి. పౌచ్ దానంతట అది రాకూడదు, మీరు లాగితే మాత్రం రావాలి. ఈ రెండూ కుదిరేలా ఏం చేయాలో చెప్తాను.

విశాఖ రుషికొండలోనో అండమాన్ హావ్‌లాక్‌లోనో మొదటిసారి ట్రయల్ డైవ్‌కి వెళ్తుంటే ఇవన్నీ మీ ఇన్‌స్ట్రక్టరే చూసుకుంటారు, మీరు చేపల్ని చూస్తే చాలు. సర్టిఫికేషన్ తీసుకుని సొంత గేర్‌తోనో, అద్దె గేర్‌తోనో డైవ్ చేసేవాళ్ల కోసం ఇది.

మీ జేబు ఏ రకం?

పాత బీసీడీల్లో పౌచ్‌ను పట్టి ఉంచేది వెల్క్రో ఒక్కటే. వెంట్రుకలు, నూలు పోగులు పట్టి, ఎండకు పెళుసై వెల్క్రో క్రమంగా పట్టు కోల్పోతుంది. అద్దె గేర్‌లో ఇలాంటిది చేతికి వస్తే నేనైతే మార్చి ఇవ్వమని అడుగుతాను. లేదంటే వెయిట్ బెల్టు ఇమ్మంటాను. రెండో రకంలో బ్యాక్‌ప్యాక్‌కి ఉండే లాంటి బకిల్ ఉంటుంది, నొక్కితేనో హ్యాండిల్ లాగితేనో విడిపోతుంది. మూడో రకంలో పౌచ్‌ను లోపలికి తోస్తే ప్లాస్టిక్ లాచ్ 'టక్' మని పట్టుకుంటుంది. ఆక్వాలంగ్ వాళ్ల షూర్‌లాక్ ఈ తరహాదే. ఇవి కాక జీగిల్ కంపెనీ రిప్‌కార్డ్ పద్ధతి ఉంది. అందులో ఒక్క తీగ లాగితే రెండు వైపులా బరువు ఒకేసారి పడిపోతుంది. అది అలవాటు లేనివాళ్లు తొడుక్కునే ముందే ఆ తీగ ఎక్కడుందో, ఎటు లాగాలో చేత్తో పట్టుకుని చూసుకోవాలి.

ఏ రకమైనా సరే, బోటు ఎక్కకముందే నేల మీద రెండు పౌచ్‌లూ పెట్టి తీసి, మళ్లీ పెట్టి చూడండి. ఒకసారి కళ్లు మూసుకుని కూడా. నీళ్లలో మీకు సాయపడేది వేళ్ల గుర్తే.

ఎంత సీసం, ఎక్కడ?

పౌచ్ పోవడం వల్ల జరిగే నష్టమంతా దాంట్లో ఎంత సీసం పెట్టారన్న దాన్ని బట్టే ఉంటుంది. అందుకే వెయిట్ చెక్‌తో మొదలుపెట్టాలి. సముద్రపు నీటిలో, బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్ (డైవ్ చివర మిగలాల్సినంత) దగ్గర ఉన్నప్పుడు, మామూలుగా ఊపిరి పీల్చి కదలకుండా నిలబడితే నీటిమట్టం మీ కళ్ల దగ్గర ఉండాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అంతకంటే ఎక్కువ సీసం మోస్తున్నారంటే, పోగొట్టుకోవడానికి ఎక్కువ పెట్టుకున్నట్టే. 'ఎందుకైనా మంచిది, ఇంకో కిలో' అనే డైవ్ మాస్టర్లు చాలామంది ఉంటారు. కిందికి దిగడానికి తంటాలు పడే కొత్తవాళ్లతో వాళ్ల పని సులువవుతుంది, నిజమే. మీకు మాత్రం అది పనికిరాదు.

మీకు 6 కిలోలు కావాలనుకుందాం. పక్క జేబుల్లో 3, 3 పెట్టేస్తే ఒక పౌచ్ పోయినప్పుడు సగం బరువు పోతుంది. అలా కాకుండా ట్రిమ్ పాకెట్లలో, అంటే వెనక సిలిండర్ పక్కన ఉండే చిన్న జేబుల్లో, చెరొక కిలో పెట్టి, పక్క పౌచ్‌లలో 2, 2 ఉంచండి. ట్రిమ్ పాకెట్లు లాగితే వచ్చేవి కావు, బకిల్‌తోనో జిప్పుతోనో మూసి ఉంటాయి. ఇప్పుడు ఒక పౌచ్ జారితే పోయేది 2 కిలోలే. రెండు పౌచ్‌లూ ఉన్నంతవరకు, నీటి పైన అవసరమైతే వదిలేయడానికి 4 కిలోలు చేతికి అందుబాటులో ఉంటాయి. అలాగని మొత్తం వెనక్కి సర్దకండి, అప్పుడు వదిలేయడానికేమీ మిగలదు.

ఆ 2 కిలోల లెక్క ఎందుకంత ముఖ్యమో చూడండి. మామూలు 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్ నుంచి 50 బార్ దాకా మీరు వాడే గాలి బరువు దాదాపు 2 కిలోలు. డైవ్ మొదట్లో మీరు అంతమేరకు బరువెక్కువగా ఉంటారు, దాన్ని సరిచేయడానికి బీసీడీలో గాలి నింపుకుని ఉంటారు. ఆ సమయంలో 2 కిలోల పౌచ్ పోయినా, ఉన్న గాలంతా వదిలేస్తే దాదాపు నిలదొక్కుకోవచ్చు. అదే పౌచ్ డైవ్ చివర, 5 మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్‌లో, అంటే పైకి వచ్చేముందు కాసేపు ఆగే చోట, పోతే? వదలడానికి బీసీడీలో గాలే ఉండదు. కాబట్టి పౌచ్‌ల మీద ఎక్కువ కన్నేసి ఉంచాల్సింది డైవ్ రెండో సగంలో. జనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. దిగేముందు ఒకసారి తడిమి చూసుకుని, ఆ తర్వాత మరిచిపోతారు.

పౌచ్ నింపేటప్పుడు

పౌచ్ మీదో, బీసీడీ పుస్తకంలోనో అది ఎంత బరువుకు తయారైందో రాసి ఉంటుంది. ఆ హద్దు దాటించకండి. లాచ్ పట్టుకునేది ఆ బరువునే. సీసం పౌచ్‌లో కదలకుండా ఉండాలి. పెద్ద పౌచ్‌లో ఒకే ఒక్క దిమ్మ వేస్తే, మీరు తలకిందులైన ప్రతిసారీ అది పైకీ కిందికీ కొట్టుకుంటూ లాచ్‌ను కుదుపుతుంది. సీసం గుళ్లు నింపిన మెత్తటి సంచీలు దొరికితే వాటినే తీసుకోండి. అవి పౌచ్ ఆకారంలోకి ఒదుగుతాయి, బోటులో కాలి మీద పడ్డా దెబ్బ తక్కువ.

సీసం వేశాక పౌచ్ మూత పూర్తిగా మూయండి. జిప్పు సగం తెరిచి ఉంటే పౌచ్ జేబులోనే భద్రంగా ఉంటుంది, లోపలి సీసం మాత్రం జారిపోతుంది. ఇలా కూడా జరుగుతుంది.

అద్దె గేర్‌తో ఒక చిక్కుంది. కడిగి ఆరేసినప్పుడు పౌచ్‌లన్నీ ఒకే బుట్టలోకి చేరతాయి. తర్వాత ఒక సైజు బీసీడీ పౌచ్ ఇంకో సైజు జేబులోకి, కుడివైపుది ఎడమవైపుకి వెళ్తాయి. చూడటానికి సరిపోయినట్టే ఉంటుంది, లాచ్ మాత్రం పూర్తిగా పట్టదు. పౌచ్ మీద సైజు, కుడి ఎడమ గుర్తులు చూడండి. రెండూ ఒకే రంగులో, ఒకే మోడల్‌లో లేకపోతే అక్కడే అడగండి.

జేబులో పెట్టడం, పట్టి చూడటం

ఇక్కడ తొందర పనికిరాదు. ముందు జేబు లోపల వేలు పెట్టి ఇసుక, చిన్న గవ్వ ముక్కలు లేవని చూసుకోండి. లాచ్ పళ్ల మధ్య ఇసుక రేణువు ఇరుక్కుంటే టక్‌మని చప్పుడు వస్తుంది గానీ పట్టు సగమే ఉంటుంది. ఒక చేత్తో బీసీడీ జేబు అంచును పట్టుకుని, రెండో చేత్తో పౌచ్‌ను నిటారుగా లోపలికి తోయండి. ఏటవాలుగా తోస్తే ఒకవైపే తగులుకుంటుంది. చప్పుడు విన్నాక ఇంకోసారి అరచేత్తో గట్టిగా నొక్కండి. అప్పుడు రెండో టక్ వినబడిందంటే మొదటిసారి పూర్తిగా పట్టలేదన్నమాట.

ఇప్పుడు లాగి చూడాలి. హ్యాండిల్ పట్టుకుని లాగొద్దు, హ్యాండిల్ ఉన్నదే విడిపించడానికి. దానికి బదులు పౌచ్ ఒంటిని, అంటే హ్యాండిల్ కుట్టు కింద ఉండే గుడ్డ అంచును, బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టి బయటికి గుంజండి. కదలకూడదు. తర్వాత రెండు వైపులా హ్యాండిళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయా అని చూడండి. ఒకటి అర అంగుళం బయటికి ఉంటే అటువైపు పౌచ్ పూర్తిగా దిగలేదు. ఈ తేడా చూడటం అలవాటైతే ఎదుటివాళ్ల బీసీడీని కూడా దూరం నుంచే పట్టేస్తారు.

పౌచ్ ఎప్పుడు పెట్టాలన్నది కూడా ముఖ్యమే. గేర్ సిద్ధం చేసేటప్పుడే పౌచ్‌లు పెట్టేస్తే, ఆ తర్వాత సిలిండర్‌తో సహా దాన్ని బోటు వాళ్లు ఎత్తుతారు, పడుకోబెడతారు, ఇంకొకరి గేర్ మీదికి జరుపుతారు. చిన్న డింగీల్లో అయితే చోటు లేక కాళ్ల కిందే ఉంటుంది. అందుకే తొడుక్కోబోయే ముందు పెట్టడం మంచిది. ముందే పెట్టాల్సి వస్తే, తొడుక్కున్నాక మళ్లీ మొదటి నుంచి పట్టి చూడండి.

బడ్డీ చెక్

బడ్డీ అంటే మీతో జతగా దిగే డైవర్. దిగేముందు ఒకరి గేర్ ఒకరు చూసుకోవడానికి పాడి (PADI) అనే డైవింగ్ శిక్షణ సంస్థ కోర్సులో నేర్పే గుర్తు బీడబ్ల్యూఆర్ఏఎఫ్ (BWRAF). అందులో డబ్ల్యూ అంటే వెయిట్లే. దాన్ని 'వెయిట్స్? ఓకే' అని నోటితో దాటేస్తే ప్రయోజనం లేదు. బడ్డీ మీ రెండు పౌచ్‌ల మీద చేయి వేసి నొక్కాలి, అంచు పట్టి గుంజాలి, మీది ఎలా విడిపోతుందో మీకే తిరిగి చెప్పాలి: 'బకిల్, కిందికి లాగాలి, రెండు వైపులా' అని. కొత్తగా పరిచయమైన బడ్డీ మొహమాటపడితే 'గట్టిగా గుంజండి, పర్లేదు' అని మీరే అనండి. బీసీడీ నడుము పట్టీ, ఛాతీ పట్టీ కూడా ఇప్పుడే చూడాలి. అవి వదులుగా ఉంటే జేబులు ముందుకు తిరిగి హ్యాండిళ్లు బయటికి పొడుచుకు వస్తాయి.

నీళ్లలోకి దిగేటప్పుడు

జెయింట్ స్ట్రైడ్‌తో, అంటే నిలబడి పెద్ద అంగ వేసి, దూకితే ఒక చేయి మాస్క్, రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే పరికరం) మీద ఉంటుంది. రెండో మోచేయిని పక్క పౌచ్‌కు ఆనించి ఉంచండి. చిన్న బోటు అంచు మీద కూర్చుని వెనక్కి దొర్లేటప్పుడు, హ్యాండిల్ బోటు అంచుకో తాడుకో తగులుకోకుండా కాస్త బయటికి జరిగి కూర్చోండి. పడ్డాక, ఓకే సిగ్నల్ ఇచ్చేముందు, రెండు బొటనవేళ్లతో రెండు హ్యాండిళ్లనూ తడమండి. రుషికొండ లాంటి చోట నీళ్లు చాలా రోజులు మసకగా ఉంటాయి. అక్కడ జారిన పౌచ్‌ను అడుగున వెతకడం కంటే కొత్తది కొనడం తేలిక.

5 మీటర్ల దగ్గర గేర్ నుంచి గాలి లీకై బుడగలు వస్తున్నాయేమో అని ఒకరినొకరు చూసుకునేటప్పుడు మరోసారి తడమండి. ఇంకా కిందికి వెళ్తే వెట్‌సూట్ పీడనానికి పల్చబడి నడుము పట్టీ వదులవుతుంది, కాబట్టి అడుగుకు చేరాక పట్టీని బిగించండి. అక్కడి నుంచి సిలిండర్ గేజీ చూసిన ప్రతిసారీ వేళ్లు పౌచ్‌ల మీదికి కూడా పోవాలి. గేజీ ఎలాగూ చూస్తారు కదా, దానికే జతచేసేస్తే వేరుగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

కెమెరా తాడు, రీల్, టార్చ్ లాంటివేవీ వెయిట్ హ్యాండిల్‌కు తగిలించకండి. అందుబాటులో కనిపించే రింగ్ అది, టెంప్ట్ అవుతారు. కెమెరా లాగితే పౌచ్ కూడా వస్తుంది. రాళ్ల సందుల్లో దూరేటప్పుడు పక్కలు ఒరుసుకోకుండా చూసుకోండి. తలకిందులుగా ఉండి ఫోటో తీసే అలవాటున్నవాళ్లు వెల్క్రో జేబులను అసలు నమ్మకూడదు.

బోటు ఎక్కేటప్పుడు

పౌచ్‌లు ఎక్కువగా పోయేది నిచ్చెన దగ్గరే. అల ఊపుతుంటుంది, అలసిపోయి ఉంటారు, మెట్టుకు హ్యాండిల్ తగులుతుంది, లేదా బోటు వాళ్లు బీసీడీని భుజం పట్టీ పట్టుకుని ఎత్తగానే పౌచ్‌లు తలకిందులవుతాయి. కాబట్టి ముందు బీసీడీ నిండా గాలి నింపండి. గేర్ నీళ్లలోనే విప్పి ఇచ్చే చిన్న బోటు అయితే, బీసీడీ విప్పకముందే పౌచ్‌లు తీసి, ఒక్కొక్కటిగా పైకి అందించండి. హ్యాండిల్ కాదు, పౌచ్ ఒంటిని పట్టుకోండి. అవతలివాళ్లు 'పట్టుకున్నా' అన్నాకే వదలండి. అండమాన్ బోట్ల మీద తెలుగు మాట్లాడేవాళ్లు దొరకడం వింతేమీ కాదు. లేకపోతే హిందీలో 'పకడ్ లియా?' అని అడిగితే చాలు. నిచ్చెన కింద ఇంకో డైవర్ ఉంటే పౌచ్ అసలు తీయకండి, పైనుంచి పడే 2 కిలోల సీసం తల మీద పడుతుంది.

అయినా జారిపోతే

4 కిలోల సీసం పోతే మిమ్మల్ని పైకి నెట్టే బలం మూడున్నర కిలోలకు పైనే. పైకి పోయేకొద్దీ బీసీడీలో, సూట్‌లో గాలి వ్యాకోచించి ఆ బలం పెరుగుతుంది. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేలోపే ఆ గాలి రెండింతలవుతుంది. కాబట్టి మొదటి కొన్ని సెకన్లలో చేసేదే అక్కరకు వస్తుంది.

1. ఊపిరి బిగబట్టకండి. వదులుతూ ఉండండి. బిగబడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, అది డీకంప్రెషన్ సిక్‌నెస్ (వేగంగా పైకొస్తే ఒంట్లో బుడగలు ఏర్పడి వచ్చే జబ్బు) కంటే వేగంగా ప్రాణం మీదికి తెస్తుంది.
2. బీసీడీ గాలి వదలండి. నడుము దగ్గరి బరువు పోయింది గనక తుంటి పైకి లేచి, తల కిందికి ఉండొచ్చు. అప్పుడు ఇన్‌ఫ్లేటర్ గొట్టం (బీసీడీలో గాలి నింపే, వదిలే గొట్టం) ఎత్తితే గాలి రాదు. నడుము వెనక ఉండే డంప్ వాల్వ్ తాడు లాగండి. ఎటు ఎత్తుగా ఉందో అటు వాల్వే పని చేస్తుంది.
3. ఒక చేయి మిగిలిన పౌచ్ మీద వేయండి. అదీ పోతే ఇక ఆపలేరు.
4. యాంకర్ తాడో, బండరాయో, బడ్డీయో, ఏది అందితే అది పట్టుకోండి. బడ్డీ తన బీసీడీ గాలి వదిలి మీకు బరువవుతారు. పగడాల మీద చేయి వేయకూడదనే నియమం ఈ ఒక్క క్షణానికి వర్తించదు.
5. ఏదీ అందకపోతే బల్లపరుపుగా తిరిగి, చేతులు కాళ్లు చాచి, ఫిన్లు నీటికి అడ్డం పెట్టండి. ఊపిరి వదులుతూనే ఉండండి. పైకి వచ్చే వేగానికి నిమిషానికి 9 మీటర్లు అన్నది మామూలు హద్దు. దాన్ని దాటినా, దాటే వేగం తగ్గించడమే ఇప్పుడు మీ పని.

పౌచ్ ఇంకా సగం వేలాడుతుంటే దాన్ని మీరే గుడ్డిగా తోయకండి. అది పడిపోకుండా పట్టుకుని, బల్లపరుపుగా ఉండి, బడ్డీని పిలవండి. జేబు వాళ్లకు కనిపిస్తుంది, మీకు కనిపించదు.

నీటి పైకి వేగంగా వచ్చేసినట్టయితే బీసీడీ నింపి తేలండి, సేఫ్టీ స్టాప్ పూర్తి చేద్దామనో పౌచ్ వెతుకుదామనో మళ్లీ దిగకండి. బోటు వాళ్లకు జరిగింది చెప్పండి. తిమ్మిరి, కీళ్ల నొప్పి, విపరీతమైన అలసట, మాట తడబడటం, ఛాతీ నొప్పి ఏది కనిపించినా వెంటనే ఆక్సిజన్ పెట్టించుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. హావ్‌లాక్ నుంచైతే అందుకు పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) దాకా సముద్రం దాటి వెళ్లాలి. అందుకే 'రేపటికి తగ్గిపోతుందిలే' అని ఆగకండి. లక్షణాలేవీ లేకపోయినా ఆ రోజు ఇక డైవ్ వద్దు. మర్నాడు పొద్దున్నే ఫ్లైట్ ఉంటే డైవింగ్ డాక్టర్‌ను అడిగాకే ఎక్కండి.

ఇంటికొచ్చాక

పౌచ్‌లలో సీసం తీసేసి, జేబులూ పౌచ్‌లూ మంచినీళ్లలో నానబెట్టండి. నీళ్లలో ఉండగానే లాచ్‌ను పదిసార్లు పెట్టి తీస్తే ఉప్పు, ఇసుక బయటికి వస్తాయి. వెల్క్రో కొక్కేల్లో ఇరుక్కున్న పోగులు పాత టూత్‌బ్రష్‌తోనో, దువ్వెనతోనో లాగేయండి. నీడన ఆరేసి, ఆరాక లాచ్ ప్లాస్టిక్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. పళ్ల మొదట్లో తెల్లటి గీత కనిపిస్తే అది చీలిక మొదలైనట్టే. ఒక పౌచ్ మార్చాల్సి వస్తే జతగా రెండూ మార్చండి, పాతవి మాత్రం 'స్పేర్‌గా ఉంటాయి' అని బ్యాగులో ఉంచుకోకండి. ఏదో ఒక రోజు తొందరలో చేతికి వచ్చేది అవే.